ఇంటి భాష 'తెలుగు' అని రాస్తే పిల్లలకి నష్టమా? (బెంగళూరు నుంచి కాలిఫోర్నియాకి)

మారతహళ్ళి_అమ్మ:
నమస్తే అండీ. ఆగస్టులో కంపెనీ ట్రాన్స్‌ఫర్ మీద శాన్ హోసే వెళ్తున్నాం. పెద్దమ్మాయి ఆరు పూర్తి చేసింది, అక్కడ ఏడో గ్రేడు. చిన్నాడు రెండో గ్రేడులోకి. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లీషు, కింద ఆటల్లో కన్నడ. అడ్మిషన్ ఫారాల్లో 'హోమ్ లాంగ్వేజ్ సర్వే' అని ఒక పేజీ ఉంది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అందరిదీ ఒకటే మాట: "అన్నిటికీ ఇంగ్లీష్ అని కొట్టేయండి. తెలుగు అన్నారో, ఈఎల్ (ఇంగ్లీష్ లెర్నర్, ఇంగ్లీషు ఇంకా నేర్చుకుంటున్న పిల్ల) ముద్ర వేస్తారు, హైస్కూల్ దాకా పోదు, మ్యాథ్స్‌లో కింద సెక్షన్‌లో పడేస్తారు. ఒక్కో ఈఎల్ పిల్ల మీద స్కూల్ డిస్ట్రిక్ట్‌కి డబ్బులొస్తాయి." ఇందులో నిజమెంత? బయల్దేరేలోపు ఇక్కడే చేసుకోవాల్సినవి ఉంటే అవీ చెప్పండి.

బసవనగుడి_బెంచి:
ముందు ఫారం సంగతి. అందులో ఉండేవి నాలుగు ప్రశ్నలు. పిల్ల మొదట మాట్లాడిన భాష. ఇంట్లో పిల్ల ఎక్కువగా మాట్లాడే భాష. మీరు పిల్లతో ఎక్కువగా మాట్లాడే భాష. ఇంట్లో పెద్దవాళ్లు ఎక్కువగా మాట్లాడే భాష. మొదటి మూడిట్లో ఏ ఒక్కదానికి ఇంగ్లీషు కానిది రాసినా పరీక్ష పెడతారు. నాలుగోదానికి మాత్రమే రాస్తే, పెట్టాలా వద్దా అన్నది స్కూలు చూసుకుంటుంది.

ఇంగ్లీషు ఎంత వచ్చో చూసే ఆ పరీక్ష పేరు ఇనీషియల్ ఎల్‌పాక్. చేరిన 30 రోజుల్లోపు పెట్టాలి, పెట్టేది ఒక్కసారే. పాసైతే 'ఐఫెప్' (ఇంగ్లీషు ముందే బాగా వచ్చు) అని రాసి వదిలేస్తారు, ఏటేటా పెట్టే పరీక్షలు ఉండవు. అంటే తెలుగు అని రాసినందుకు పడేది పరీక్షే. ముద్ర పడేది ఆ పరీక్ష తప్పితేనే.

ఇంగ్లీషు మీడియంలో ఆరు దాకా చదివిన పిల్ల దెబ్బతినేది ఎక్కువగా మాట్లాడే భాగంలో. ఎగ్జామినర్ ఒక బొమ్మ చూపించి అందులో ఏం జరుగుతోందో అడుగుతారు. రెండు ఎంపికలిచ్చి ఏది మేలో, ఎందుకో చెప్పమంటారు. పెద్ద క్లాసుల వాళ్లకి చిన్న పాఠం వినిపించి, బొమ్మలు చూస్తూ తిరిగి చెప్పమంటారు. మన పిల్లలు కొత్త మనిషి ముందు "ప్లేయింగ్, మేమ్" అని ఒక్క ముక్కతో ఆపేస్తారు. విషయం తెలిసీ మార్కు పోతుంది. రోజుకి పది నిమిషాలు పేపర్లో ఏదో ఒక ఫోటో ఇచ్చి మూడు పూర్తి వాక్యాలు, 'బికాజ్' పెట్టి ఒక కారణం చెప్పించండి. ప్రాక్టీస్ టెస్టులు ఎల్‌పాక్ సైట్లో ఉచితంగా ఉన్నాయి. రెండో గ్రేడు నుంచి వినడం-మాట్లాడడం సగం, చదవడం-రాయడం సగం. కాబట్టి చిన్నాడికి రాత కూడా చూసుకోండి.

అబద్ధం మాత్రం వద్దు. అన్నిటికీ ఇంగ్లీషని రాసినా, క్లాసులో టీచరుకి అనుమానం వస్తే తర్వాతైనా పరీక్షకి పంపొచ్చు. ఫారం దిద్దుకోవాలంటే పరీక్ష మొదలవకముందే దిద్దుకోవాలి, ఆ తర్వాత దిద్దితే ఫలితం మారదు. అయితే అక్కాతమ్ముళ్లు ఇంట్లో ఇంగ్లీషులోనే కొట్టుకుంటుంటే, రెండో ప్రశ్నకి ఇంగ్లీషు అని రాయడం అబద్ధమేం కాదు.

ఫ్రేజర్‌టౌన్_మేడమీద:
పైన చెప్పింది సరే. కానీ తప్పితే ఏమవుతుందో కూడా చెప్పాలి కదండీ. వాట్సాప్ భయమంతా ఉత్తదే అనడం కూడా సరికాదు.

ఆగస్టులో ఈఎల్ అని తేలితే, బయటపడడానికి రాయాల్సింది ఏటా పెట్టే సమ్మేటివ్ ఎల్‌పాక్. అది ఫిబ్రవరి నుంచి మే మధ్యలోనే. అంటే ఎంత బాగా చదివినా ఆ విద్యా సంవత్సరం దాదాపు పోయినట్టే. పైగా ఆ స్కోరొక్కటే చాలదు. మొత్తం మీద లెవెల్ 4 రావాలి, టీచరు అంచనా కావాలి, తల్లిదండ్రుల అభిప్రాయం తీసుకోవాలి, అదే వయసు ఇంగ్లీషు పిల్లలతో పోల్చి చూసే మార్కులుండాలి. ఈ నాలుగింట్లో ఒకటి ఆగినా మరో ఏడాది. అలా ఏళ్ల తరబడి అందులోనే ఉండిపోయే పిల్లలకి 'లాంగ్ టర్మ్ ఇంగ్లీష్ లెర్నర్' అని ప్రత్యేకంగా పేరే ఉంది. అక్కడి పెద్ద గొడవల్లో అదొకటి.

ఏడో గ్రేడులో అసలు నష్టం టైంటేబుల్లో. ఈఎల్‌డీ అని ఇంగ్లీషు నేర్పడానికి విడిగా ఒక పీరియడ్ పెట్టాలి. ఆ పీరియడ్ ఎక్కడి నుంచి వస్తుంది? చాలాచోట్ల ఎలక్టివ్ నుంచే. బ్యాండో, ఆర్టో, కోడింగో పోతుంది. సైన్స్, మ్యాథ్స్ లాంటి అసలు సబ్జెక్టులు తీసేయకూడదని 2018లో చట్టం చేశారు (ఏబీ 2735). కాబట్టి కౌన్సెలర్ ఇచ్చిన షెడ్యూల్ మొదటి వారంలోనే చదవండి. ఈఎల్‌డీ సేవలు వద్దని రాసిచ్చే హక్కు ఫెడరల్ చట్టంలో ఉంది. రాసిచ్చినా ముద్ర అలాగే ఉంటుంది, ఏటా పరీక్షా తప్పదు.

శాన్ హోసే కాక టెక్సస్ వెళ్లేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే: అక్కడ ఫారం దిద్దుకోవడానికి చేరిన రెండు వారాల గడువే, అదీ పరీక్ష పెట్టకముందే.

బసవనగుడి_బెంచి:
ఒప్పుకుంటాను, ఏడో గ్రేడులో తప్పితే ఎలక్టివ్ పోవడం నిజమే. చిన్నాడికి అంత బాధ లేదు.

డబ్బు మాట సగం నిజం. 2013 నుంచి కాలిఫోర్నియా నిధులు ఎల్‌సీఎఫ్‌ఎఫ్ ఫార్ములా మీద నడుస్తున్నాయి. పేద ఇంటి పిల్లలు, ఫోస్టర్ పిల్లలు, ఈఎల్ పిల్లలు, ఒక్కొక్కరికి, ప్రతి పిల్లకీ ఇచ్చే బేస్ గ్రాంటు మీద 20 శాతం అదనం. ఒకే పిల్లకి రెండు వర్తించినా ఒక్కసారే లెక్క. అయితే పాలో ఆల్టో లాంటి 'బేసిక్ ఎయిడ్' డిస్ట్రిక్టుల్లో స్థానిక ఆస్తి పన్నే ఆ ఫార్ములా లెక్కని దాటిపోతుంది. అలాంటిచోట ఎంతమంది ఈఎల్ పిల్లలున్నా ఆ ఫార్ములా కింద కొత్తగా ఒక్క డాలరు రాదు, టీచర్లని పెట్టే ఖర్చు మాత్రం వస్తుంది. ఐటీవాళ్లు ఎగబడేది ఎక్కువగా అలాంటి డిస్ట్రిక్టులకే, ఈ పుకారు గట్టిగా తిరిగేదీ అక్కడే!

అసలు ఈ పరీక్ష ఎందుకుందంటే, శాన్ ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాని చైనీస్ పిల్లలని ఏ సాయమూ లేకుండా క్లాసులో కూర్చోబెట్టారని కేసు పడింది. లావ్ వర్సెస్ నికల్స్, 1974. అలా వదిలేయడం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పింది. సాయం ఎలా చేయాలన్నదే తెగలేదు. 1998లో ప్రజల ఓటుతో ప్రాప్ 227 అనే చట్టం పెట్టి ఇతర భాషల్లో బోధన చాలావరకు ఆపేశారు, 2016లో ప్రాప్ 58తో దాన్ని ఎత్తేశారు.

ఇక మ్యాథ్స్. అది ఈఎల్ గొడవ కాదు, వేరే గొడవ. శాన్ ఫ్రాన్సిస్కో డిస్ట్రిక్ట్ 2014లో ఎనిమిదో గ్రేడు నుంచి ఆల్జీబ్రా తీసేసింది, అందరూ కలిసి తొమ్మిదిలో చదవాలని. పదేళ్లు పోట్లాడాక 2024లో వెనక్కి తేవాలని తీర్మానించింది. ఒక్కో డిస్ట్రిక్టుది ఒక్కో దారి. ఇల్లు చూసేముందే ఆ డిస్ట్రిక్ట్ సైట్లో 'మ్యాథ్ పాత్‌వే' చార్టు తీసి, ఏడులో ఏ కోర్సు పడితే ఎనిమిదిలో ఆల్జీబ్రా వస్తుందో చూడండి. ప్లేస్‌మెంట్ టెస్టు ఉంటే చేరిన రోజే అడగండి, నెల గడిచాక సెక్షన్లు కదలవు.

జయనగర్_డోసు:
అందరూ భాష మీదే పడ్డారు. కాలిఫోర్నియాలో పిల్లని గేటు దగ్గర ఆపేది టీకా కార్డు. మతం, నమ్మకం పేరుతో మినహాయింపులు 2016 నుంచి లేవు.

ఎంఎంఆర్ (తట్టు, మంప్స్ అంటే గవదబిళ్లలు, రుబెల్లా టీకా) రెండు డోసులూ మొదటి పుట్టినరోజు తర్వాతవే లెక్క. మన దగ్గర తొమ్మిదో నెలలో వేసింది చెల్లదు. ప్రభుత్వ కార్డులో ఎంఆర్ (తట్టు, రుబెల్లా) అని ఉంటే అందులో మంప్స్ లేదు. ఏడో గ్రేడుకి టీడాప్ (ధనుర్వాతం, డిఫ్తీరియా, కోరింత దగ్గు టీకా) కావాలి. పదేళ్లకి మన దగ్గర వేసే టీడీలో కోరింత దగ్గు భాగం లేదు కాబట్టి అది పనికిరాదు. చికెన్‌పాక్స్ రెండు డోసులు, పదమూడేళ్లలోపు మధ్యలో మామూలుగా మూడు నెలల ఎడం. అది మన ప్రభుత్వ షెడ్యూల్లో లేదు, చాలామందికి ఒక్కటే పడి ఉంటుంది. చిన్నాడు 2016 ఏప్రిల్ తర్వాత పుట్టాడు కాబట్టి నోటి పోలియో చుక్కలు లెక్కలోకి రావు, ఇంజెక్షన్లే చూస్తారు. ప్రతి డోసుకీ రోజు, నెల, సంవత్సరం ఇంగ్లీషులో రాయించి డాక్టరు సీలు వేయించండి.

మారతహళ్ళి_అమ్మ:
చాలా థాంక్సండీ అందరికీ. పెద్దదానికి ఎంఎంఆర్ తొమ్మిదో నెలలో ఒకటి, పదిహేనో నెలలో ఒకటి. అంటే ఇంకోటి కావాలా? అక్కడికెళ్లాక టీబీ టెస్ట్ కూడా ఉందంటున్నారు, బీసీజీ వేసినవాళ్లకి పాజిటివ్ వస్తుందట కదా?

జయనగర్_డోసు:
అవునండీ, ఇంకొకటి కావాలి. శాన్ హోసే ఉన్న శాంటా క్లారా కౌంటీలో టీబీ ఫారం అక్కడి డాక్టరు నింపాలి. ఇండియా నుంచి వచ్చారంటే టెస్టు రాస్తారు. బీసీజీ వల్ల చర్మం మీద చేసే టెస్టు తప్పుగా పాజిటివ్ రావచ్చు, అందుకని రక్తంతో చేసే ఐజీఆర్‌ఏ అడగండి. ఒక మెలిక ఉంది: ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ లాంటి లైవ్ టీకా (బలహీనపరిచిన బతికున్న క్రిమితో చేసింది) వేశాక నాలుగు వారాల్లోపు టీబీ టెస్టు చేస్తే ఫలితాన్ని నమ్మలేం. కాబట్టి కావాల్సిన లైవ్ టీకాలన్నీ ఒకే రోజు, జూన్ చివరికల్లా బెంగళూరులోనే వేయించేయండి. రెండు లైవ్ టీకాలు వేర్వేరు రోజుల్లో వేయిస్తే మధ్యలో 28 రోజులు ఉండాలి.