ఇంజెక్షన్ల ఫిల్లింగ్ లైన్‌లో పిస్టన్ పంపులు తీసి పెరిస్టాల్టిక్ పంపులు పెట్టడం సబబేనా?

ప్రశ్న: ఫిల్లింగ్‌లైన్ ఇంజినీర్, హైదరాబాద్

అందరికీ నమస్కారం. వయల్స్, కార్ట్రిడ్జిలు నింపే ఒక చిన్న ఇంజెక్టబుల్స్ యూనిట్‌లో నేను ఇంజినీరింగ్ పనులు చూస్తుంటాను. మా లైన్‌లో ఎనిమిది నాజిళ్లు ఉన్నాయి. వాటికి 316ఎల్ స్టీల్‌తో చేసిన రోటరీ పిస్టన్ పంపులు బిగించి ఉన్నాయి. ఇప్పుడు నింపుతున్నవి నీటిలో కరిగిన మందులు కొన్ని, నూనెలో కరిగిన హార్మోన్ ఇంజెక్షన్ ఒకటి. భారతదేశంలో మధుమేహానికి, బరువు తగ్గడానికి వాడే పెప్టైడ్ (చిన్న ప్రొటీన్ తరహా) మందు సెమాగ్లూటైడ్ పేటెంట్ గడువు 2026 మార్చితో తీరిపోవడం వల్ల అందరిలాగే మా యాజమాన్యం కూడా పెప్టైడ్ కార్ట్రిడ్జిల వైపు చూస్తోంది. 2023 డిసెంబరులో నోటిఫై అయిన సవరించిన షెడ్యూల్ ఎం (మందుల తయారీ నాణ్యతా నిబంధనలు) ప్రకారం లైన్‌ను ఎలాగూ సరిచేసుకోవాలి కాబట్టి, ఆ పనిలోనే పంపులు కూడా మార్చేద్దామని ఆలోచన.

పెరిస్టాల్టిక్ పంపులు (మెత్తని ట్యూబును రోలర్లతో నొక్కుతూ ద్రవాన్ని ముందుకు తోసేవి) పెట్టుకుంటే క్లీనింగ్ వాలిడేషన్ (పరికరం శుభ్రపడిందని రుజువు చేయడం) అన్న మాటే ఉండదని, బ్యాచ్ అయిపోగానే ట్యూబు పారేయడమేనని సరఫరాదారు అంటున్నారు. అదే సంస్థ విశాఖపట్నం దగ్గరి పరవాడలోని మా ఏపీఐ (మందు ముడిపదార్థం) బ్లాకులో డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్), అసిటోనైట్రైల్ వంటి సాల్వెంట్ల బదిలీకి కూడా ఇదే తరహా పెద్ద హోస్ పంపులు ఇస్తామంటోంది. ఈ మాటలను ఎంతవరకు నమ్మవచ్చు? పిస్టన్ పంపులు ఇచ్చే కచ్చితత్వం వీటితో వస్తుందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: ప్రాసెస్ ఇంజినీర్

మీ ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు. మీ లైన్‌లో నడిచే మూడు రకాల ద్రవాలకు మూడు జవాబులు ఉన్నాయి. నీటి ద్రావణాలకు పెరిస్టాల్టిక్ నిశ్చింతగా సరిపోతుంది. నూనె ఇంజెక్షన్‌కు పిస్టన్ పంపులనే ఉంచుకోండి. పెప్టైడ్ విషయంలో పంపు కంటే ముందు ట్యూబు గురించి ఆలోచించాలి.

పిస్టన్ పంపుల కష్టం మీకు తెలియనిది కాదు. పిస్టన్, సిలిండర్ జతగా సానబట్టి వస్తాయి కనుక కడిగేటప్పుడు ఒక జత పిస్టన్ మరో జత సిలిండర్‌లోకి పోకూడదు. పోతే గీతలు పడతాయి, లోహపు రజను మందులో కలుస్తుంది. విప్పి, కడిగి, ఆటోక్లేవ్ చేసిన పంపులను అత్యంత శుభ్రంగా ఉండాల్సిన గ్రేడ్ ఏ ప్రాంతంలో మనిషి చేతులతో మళ్లీ బిగించాల్సి రావడం 2022లో సవరించిన యూరోపియన్ అనెక్స్ 1 (స్టెరైల్ మందుల తయారీ నిబంధనలు) దృష్టిలో పెద్ద లోపం. పెరిస్టాల్టిక్ వైపు పరిశ్రమ మొగ్గడానికి అసలు కారణం ఇదే. మందు ట్యూబును తప్ప మరి దేనినీ తాకదు. ట్యూబు, నాజిల్, కనెక్టర్లు ముందుగానే కూర్చి, గామా కిరణాలతో శుద్ధి చేసిన ఒకే సెట్‌గా వస్తాయి.

ఇక కచ్చితత్వం. రోలర్లు నొక్కినకొద్దీ ట్యూబు తన సాగుగుణాన్ని కొంత కోల్పోతుంది. అందువల్ల కొత్త ట్యూబు ఎక్కించిన తొలి నిమిషాలలో ఫిల్ వెయిట్ (ఒక్కోదానిలో పడే మందు బరువు) ఒక దిశగా జరుగుతూ వచ్చి, ఆ తరువాతే నిలకడకు వస్తుంది. ట్యూబు ఎక్కించిన వెంటనే క్యాలిబ్రేట్ చేసి బ్యాచ్ మొదలుపెట్టేవారిని చూశాను. గంట తిరగకుండానే బరువులు పరిధి దాటుతున్నాయని వారు పంపును తిడుతుంటారు. కొంతసేపు ఖాళీ నడక నడిపించి, ఆపై క్యాలిబ్రేట్ చేసి, బ్యాచ్ మధ్యలో బరువు తూచి తనంతట తానే సరిదిద్దుకునే ఏర్పాటు ఉంటే 1 మి.లీ. పైబడిన పరిమాణాలకు ఇబ్బంది ఉండదు. రోలర్ల వల్ల వచ్చే కుదుపును తగ్గించడానికి ఒకే హెడ్‌లో రెండు ట్యూబులను, ఒకదాని రోలరు మరొకదాని రోలర్ల మధ్యకు వచ్చేలా అమర్చి, వై కనెక్టర్‌తో కలిపే పద్ధతి ఉంది. కొనేటప్పుడు అది ఉందో లేదో చూడండి. డోసు పూర్తికాగానే పంపు కొద్దిగా వెనక్కి తిరిగి నాజిల్ కొనన వేలాడే చుక్కను లోపలికి లాక్కోవడం కూడా తప్పనిసరి. లేకపోతే ఆ చుక్క కార్ట్రిడ్జి మెడ మీద పడి స్టాపర్ దగ్గర తడి మిగులుతుంది.

నూనె ఎందుకు వద్దన్నానంటే, చిక్కటి ద్రవాన్ని లాగేటప్పుడు నొక్కుకుపోయిన ట్యూబు వేగంగా గుండ్రని ఆకారానికి తిరిగి రాలేదు. దానితో డోసు తగ్గుతుంది, వేగం తగ్గించుకోవాల్సి వస్తుంది. పైగా అటువంటి ఇంజెక్షన్లలో తరచుగా వాడే ద్రావణి బెంజైల్ బెంజోయేట్ ఏ ట్యూబుతో ఎలా మసలుతుందో ప్రయోగం చేసి చూడకుండా నిర్ణయం తీసుకోకూడదు.

ఇప్పుడు పెప్టైడ్. సెమాగ్లూటైడ్ వంటి మల్టీడోస్ పెన్నులలో ఫినాల్ ప్రిజర్వేటివ్‌గా ఉంటుంది. ఇన్సులిన్లలోనైతే మెటా-క్రెసాల్ కూడా. ఫిల్లింగ్‌లో ఎక్కువగా వాడే సిలికోన్ ట్యూబు ఈ ప్రిజర్వేటివ్‌లను పీల్చుకుంటుంది. లైన్ నడుస్తున్నంతసేపు ద్రవం ట్యూబులో క్షణాలే ఉంటుంది కాబట్టి తేడా కనబడదు. స్టాపర్ ఇరుక్కుని లైన్ అరగంట ఆగిందనుకోండి. ట్యూబులో నిలిచిపోయిన ద్రవంలో ఫినాల్ తగ్గిపోతుంది, లైన్ మళ్లీ మొదలవగానే ఆ ద్రవమే కార్ట్రిడ్జిలలోకి వెళ్తుంది. బరువు సరిగ్గా ఉంటుంది, రంగు మారదు, కెమెరా పట్టుకోలేదు. లెక్క వేసుకోండి: 3.2 మి.మీ. బోరు ఉన్న ఒక మీటరు ట్యూబులో సుమారు 8 మి.లీ. ద్రవం ఉంటుంది. అంటే 3 మి.లీ. కార్ట్రిడ్జిలైతే నాజిల్‌కు మూడు చొప్పున, మీ ఎనిమిది నాజిళ్లకు 24 కార్ట్రిడ్జిలు పారేయాలి. సరే, బోరు 1.6 మి.మీ.కు తగ్గిద్దామంటే నిలిచే ద్రవం నాలుగో వంతుకు తగ్గుతుంది గాని, ప్రతి మిల్లీలీటరు ద్రవాన్ని తాకే ట్యూబు గోడ వైశాల్యం రెట్టింపవుతుంది, కాబట్టి పీల్చుకోవడం కూడా వేగవంతమవుతుంది. ఎన్ని నిమిషాల ఆగుడుకు ఎన్ని కార్ట్రిడ్జిలు తీసేయాలో మీ ట్యూబుతో, మీ ఫార్ములాతో హోల్డ్ స్టడీ (ద్రవాన్ని నిలిపి చూసే పరీక్ష) చేసి, ఆ సంఖ్యను మెషీన్ ప్రోగ్రాంలోనే పెట్టించండి. ఆపరేటర్ జ్ఞాపకశక్తికి వదిలేయకండి. సరఫరాదారు ఈ సంగతి ఎత్తలేదంటే నాకు ఆశ్చర్యం లేదు.

జవాబు: క్వాలిటీ విభాగం

పై జవాబుతో ఏకీభవిస్తూ, క్లీనింగ్ వాలిడేషన్ పోతుందన్న వాదన గురించి మాత్రం చెబుతాను. పోదు, రూపం మారుతుంది. తయారీ ట్యాంకు, దాని నుంచి ఫిల్టర్ దాకా ఉన్న పైపు స్టీలువే అయినప్పుడు వాటి శుభ్రతకు రుజువు చూపించాల్సిందే. పంపు విషయంలో తప్పిన శ్రమకు బదులుగా ట్యూబు నుంచి మందులోకి ఏయే రసాయనాలు దిగుతాయో చూపించే ఎక్స్‌ట్రాక్టబుల్స్, లీచబుల్స్ సమాచారం కావాలి. తయారీలో వాడే ప్లాస్టిక్ భాగాలపై అమెరికా ఫార్మకోపియా 665వ అధ్యాయం 2026 మే 1 నుంచి అమలులోకి వచ్చేలా నిర్ణయమైంది గనుక, ఎగుమతి ఆలోచన ఉంటే ట్యూబు తయారీదారు నుంచి ఆ సమాచారాన్ని ఆర్డరు ఇవ్వకముందే తీసుకోండి. క్లాస్ 6 సర్టిఫికెట్ చూపించి ఇదే సరిపోతుందంటే ఒప్పుకోవద్దు. అది జీవ అనుకూలతకు సంబంధించిన పరీక్ష, మీ మందుతో ఆ ట్యూబు ఎలా ఉంటుందో అది చెప్పదు.

పంపు మార్పును ఛేంజ్ కంట్రోల్‌లో నమోదు చేయడం, మందుకు బదులు సూక్ష్మజీవులు పెరిగే పోషక ద్రవాన్ని నింపి చూసే పరీక్షలైన మీడియా ఫిల్‌లలో వరుసగా మూడు మీడియా ఫిల్‌లు విజయవంతంగా పూర్తిచేయడం, మారిన లైన్‌లో నింపిన బ్యాచ్‌లను స్టెబిలిటీ (నిల్వలో మందు మార్పు చూసే) పరీక్షకు పెట్టడం, రిజిస్టరైన దేశాలలో వేరియేషన్ (మార్పుకు అనుమతి దరఖాస్తు) అవసరమో కాదో చూసుకోవడం, వీటన్నిటికీ పట్టే కాలాన్ని మీ యాజమాన్యం పంపు ధరతో పాటే లెక్కలోకి తీసుకోవాలి.

ఇంకొకటి. 2021లో కోవిడ్ టీకాల తయారీ ఉధృతంగా సాగుతున్నప్పుడు సింగిల్ యూజ్ బ్యాగులు, ఫిల్టర్లు దొరకక ప్రపంచమంతటా ఉత్పత్తిదారులు అవస్థ పడ్డారు. స్టీలు పంపు పాతదైనా మీ గదిలో ఉంటుంది. ట్యూబు సెట్టు మాత్రం ప్రతి బ్యాచ్‌కూ ఎక్కడి నుంచో రావాలి. రెండో సరఫరాదారుకు కూడా మొదటి రోజు నుంచే అర్హత పరీక్షలు పూర్తిచేసి పెట్టుకోవడం మంచిది.

జవాబు: ఏపీఐ ప్లాంటు, పరవాడ

ఫిల్లింగ్ గురించి నాకు తెలియదు గాని, సాల్వెంట్ల బదిలీకి హోస్ పంపు అన్న మాట విని రాస్తున్నాను. డీఎంఎఫ్ చాలా రకాల రబ్బర్లను ఉబ్బించి పాడుచేస్తుంది. అసిటోనైట్రైల్ సులువుగా అంటుకునే సాల్వెంట్. నొక్కుడు తింటూ ఉండే హోస్ ఎప్పుడో ఒకప్పుడు పగులుతుంది, పగిలినప్పుడు సాల్వెంట్ నేల మీదే ఉంటుంది. మా దగ్గర ఈ పనికి పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) డయాఫ్రం ఉన్న, గాలి పీడనంతో నడిచే పంపులు, సీలు లేని మ్యాగ్నెటిక్ డ్రైవ్ పంపులు వాడతాం. గాలి పంపు ద్రవం లేకుండా నడిచినా తట్టుకుంటుంది, డ్రమ్ములు ఖాళీ చేయడానికి అదే మేలు. మ్యాగ్నెటిక్ పంపులో బేరింగులను చల్లబరిచేది ఆ సాల్వెంటే కనుక అది ద్రవం లేకుండా నడిస్తే నిమిషాలలో బేరింగ్ పోతుంది. పవర్ మానిటర్ పెట్టి, లోడ్ పడిపోగానే ఆగేలా చేయాలి.

గాలి పంపు కొనేటప్పుడు ధర తక్కువని మామూలు పాలీప్రొపిలీన్ బాడీ తీసుకోకండి. అది విద్యుత్తును ప్రసరింపజేయదు, స్థిర విద్యుత్తు పోగై నిప్పురవ్వ పుట్టే ప్రమాదం ఉంటుంది. స్టీలు బాడీ గాని, కండక్టివ్ బాడీ గాని తీసుకుని, పంపుకు, డ్రమ్ముకు, హోసుకు ఎర్తింగ్ కలపండి. క్లిప్పు పెయింటు మీద పట్టుకుంటే ఎర్తింగ్ ఇచ్చినట్టు కాదు, లోహాన్ని తాకాలి. ఒక్కోసారి మీటరుతో చూస్తే తప్ప ఈ సంగతి బయటపడదు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. పరవాడ విషయం మాకు స్పష్టమైంది. నూనె ఇంజెక్షన్ కోసం నాలుగు పిస్టన్ పంపులు ఉంచుకుని, మిగతా వాటికి పెరిస్టాల్టిక్ హెడ్లు మార్చుకునేలా అమర్చమని అడగదలిచాము. ఫినాల్ పీల్చుకోని ట్యూబు ఏదైనా ఉందా?

జవాబు: ప్రాసెస్ ఇంజినీర్

థర్మోప్లాస్టిక్ ఎలాస్టోమర్ (రబ్బరులా సాగే ప్లాస్టిక్) ట్యూబులు కొన్ని సిలికోన్ కంటే తక్కువ పీల్చుకుంటాయి, అయితే ఏదీ సున్నా కాదు. వాటిలో కొన్ని సిలికోన్ కంటే గట్టిగా ఉంటాయి కనుక చిన్న డోసులలో కచ్చితత్వం ఎలా ఉంటుందో మీ హెడ్ మీదే పరీక్షించాలి. రెండు రకాలూ తెప్పించి, మీ ఫార్ములాను ట్యూబులో 10, 30, 60 నిమిషాలు నిలిపి, తరువాత వచ్చే కార్ట్రిడ్జిలను నాజిల్ వారీగా, వరుస క్రమంలో ఫినాల్ పరీక్షకు పంపండి. ఆ సంఖ్యలు చేతికి వచ్చాక హెడ్ మోడల్ ఖరారు చేయండి, అంతకు ముందు కొనుగోలు ఆర్డరు ఇవ్వకండి. పంపు హెడ్ నుంచి నాజిల్ దాకా ట్యూబు పొడవును ఎంత తగ్గించగలరో కూడా సరఫరాదారును అడగండి. చాలా లైన్లలో అరమీటరు అనవసరంగా వేలాడుతూ ఉంటుంది.