ఆవపెట్టిన అరటికాయ కూర చేదెక్కుతోంది, ఎక్కడ తప్పుతున్నాను?

టొరంటో_కోనసీమ:
అందరికీ నమస్కారం. వచ్చే నెల మా నాన్నగారు మొదటిసారి మా ఇంటికి వస్తున్నారు. ఆయనకి ఆవపెట్టిన అరటికాయ కూరంటే ప్రాణం. అమ్మ పోయాక ఆ కూర మళ్ళీ తిననేలేదని మొన్న ఫోన్లో అన్నారు. అప్పట్నుంచి మూడుసార్లు చేశాను. మూడుసార్లూ చేదే, ఘాటు మాత్రం లేదు.

ఆవాలు దోరగా వేయించి, ఎండుమిరపకాయలతో మిక్సీలో పొడి కొట్టి, కూర పొయ్యి మీద ఉండగానే వేసి ఐదు నిమిషాలు మగ్గనిస్తున్నాను. ఆవాలు ఇక్కడి సూపర్ మార్కెట్లో కొన్నవి. లావుగా, లేత పసుపు రంగులో ఉన్నాయి. అమ్మ చేస్తే మొదటి ముద్దకే కళ్ళనీళ్ళు తిరిగేవి. రోట్లో ఏదో నూరడం గుర్తుంది గానీ, ఏమేం వేసేదో ఎప్పుడూ అడగలేదు.

బెజవాడ_వంటిల్లు:
వేయించకండి. ఆవకాయకైనా ఆవాలు ఎండలో పెట్టి కొడతాం గానీ మూకుట్లో వెయ్యం.

పాలకొల్లు_అత్తయ్య:
అమ్మాయ్, ముందు ఆ ఆవాలు మార్చు. మనవాళ్ళ కొట్లో సన్న ఆవాలు, నల్లటివి, దొరుకుతాయి. రెండు అరటికాయలకి చెంచాన్నర చాలు. రెండు ఎండుమిరపకాయలతో కలిపి అరగంట చన్నీళ్ళలో నానబెట్టి, చిటికెడు ఉప్పు వేసి నూరు. మా రోలు ఇప్పటికీ పెరట్లోనే ఉంది, ఆవకి మాత్రం నేను మిక్సీ ముట్టుకోను. నీకు తప్పదు కాబట్టి చిన్న జార్లో ఆపి ఆపి తిప్పు, మధ్యమధ్యలో చెంచాడు చల్లటి నీళ్ళు పొయ్యి. జారు వేడెక్కనివ్వకు. నల్ల పొట్టు నలిగి లోపలి పసుపు పప్పు ముద్దలో కలవాలి, మూత తీసి వాసన చూస్తే నషాళానికి అంటాలి. నూరగానే నాలిక మీద వేసుకుని చేదని కంగారుపడకు. పది నిమిషాలు మూతపెట్టి వదిలేస్తే ఘాటు పైకొస్తుంది.

కూర నీకు తెలిసిందే. ముక్కలు పసుపు, ఉప్పు వేసి ఉడికించి వార్చి, చింతపండు గుజ్జు పట్టించి, పోపులో కలిపి దించెయ్. గిన్నె అరచేత్తో పట్టుకోగలిగేంత చల్లారాకే ఆవముద్ద, చెంచాడు పచ్చి నువ్వులనూనె కలపాలి. ఆ తర్వాత మళ్ళీ పొయ్యెక్కించొద్దు! మా అత్తగారు పొద్దున్న తొమ్మిదింటికి చేసి ఒంటిగంటకి వడ్డించేవారు. ఆవ ఊరాలి. వేడివేడిగా తినే కూర కాదిది.

కెమిస్ట్రీ_మాస్టారు:
అత్తయ్యగారు చెప్పిన ప్రతి మాటకీ కారణం ఉంది. ఆవగింజలో ఘాటు తయారై ఉండదు. సినిగ్రిన్ అనే పదార్థం ఒకచోట, మైరోసినేజ్ అనే ఎంజైమ్ వేరొకచోట ఉంటాయి. గింజ నలిగి తడి తగిలితేనే అవి కలుస్తాయి, అప్పుడు ముక్కుకెక్కే అల్లైల్ ఐసోథయోసయనేట్ పుడుతుంది. వేయిస్తే ఎంజైమ్ పోతుంది. పోపులో చిటపటలాడిన ఆవాలు కమ్మగా ఉంటాయే తప్ప ముక్కు మండించకపోవడం అందుకే. ఒకసారి పుట్టిన ఘాటు కూడా వేడి తగిలితే ఆవిరైపోతుంది.

మీరు కొన్నవి తెల్ల ఆవాలు, అది వేరే జాతి. వాటిలో సినాల్బిన్ ఉంటుంది. దాన్నుంచి పుట్టే కారం అంత తేలిగ్గా ఆవిరి కాదు, నాలిక మీదే ఆగిపోతుంది. ఎంత బాగా నూరినా మీ అమ్మగారి కూరలోలా కళ్ళనీళ్ళు రావు.

టొరంటో_కోనసీమ:
అత్తయ్యగారూ, నిన్న నల్ల ఆవాలతో మీరు చెప్పినట్టే చేశాను. జారు మూత తీయగానే మా పాప తుమ్ముకుంటూ గదిలోకి పారిపోయింది! కూర కలిపినప్పుడు కాస్త చేదనిపించింది, మూడు గంటలాగి తింటే ఆ చేదు లేదు. రెండో ముద్దకి కళ్ళు చెమర్చాయి, ఘాటుకో అమ్మ గుర్తొచ్చో తెలీదు. మాస్టారూ, ఆ పసుపు ఆవాలు పక్కన పెట్టేశాను.

నాన్నగారి విమానం సాయంత్రం ఆరింటికి దిగుతుంది. మధ్యాహ్నమే కలిపి ఉంచుతాను.