అప్‌డేట్: సబ్‌మెరైన్‌లో ఎర్ర లైట్లు ఎందుకంటే

సబ్‌మెరైన్ లోపల ఎర్ర లైట్లు ఎందుకు వేస్తారు, ప్రమాదం వస్తేనేనా అని మొన్న అడిగాను కదా, జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. అసలు సంగతి పెరిస్కోప్ అట, అంటే నీళ్ల కింద ఉండే పైన ఏముందో చూసే గొట్టం. రాత్రిపూట దాంట్లోంచి చూడాలంటే ముందు కళ్లు చీకటికి అలవాటు పడాలి, దానికి 20-30 నిమిషాలు పడుతుంది, మధ్యలో తెల్ల లైటు కంట్లో పడిందా, కథ మళ్లీ మొదటికే. చీకట్లో చూపుకి పనికొచ్చే రాడ్ కణాలు ముదురు ఎరుపుని దాదాపు పట్టించుకోవు కాబట్టి ఆ వెలుగులో మీటర్లు చదువుకుంటూనే కళ్లని సిద్ధంగా ఉంచుకోవచ్చు. పైగా లోపల ఎండా వెన్నెలా తెలియవు, ఎర్ర లైటు వేస్తే పైన రాత్రయిందని అర్థం.

నాకు బాగా నచ్చింది మాత్రం ఇందులోని తిరకాసు. ఎర్ర వెలుగులో మ్యాపు మీది ఎర్ర సిరా గీతలు కనబడకుండా పోతాయి! అందుకే అమెరికా నేవీ తర్వాత చాలాచోట్ల మసక తెల్ల లైట్లకి మారింది. 2004లో ఆ నేవీలో చేరిన యూఎస్ఎస్ వర్జీనియా సబ్‌మెరైన్‌లో అయితే కన్ను ఆనించి చూసే పెరిస్కోపే లేదు, కెమెరా దృశ్యం నేరుగా స్క్రీన్ మీదికొస్తుంది.

వైజాగ్ బీచ్‌లో మ్యూజియంగా ఉన్న మన కురుసుర సబ్‌మెరైన్ 1969 నాటిది. అందులో ఎర్ర లైట్లు గమనించినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.