సమస్యాపూరణం: ‘ఓడినట్టివాడె యున్నతుండు’

నిర్వాహకుడు: ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం. అయిదూ సూర్యగణాలే, ఓ–ఉ స్వరయతి. విషయం: ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్‌లో డంకు (ఎగిరి బంతిని చేత్తో పైనుంచి రింగులో దిగేయడం) వీరుల్లో మేటి ఎవరు? ఇంగ్లిషు పేర్లకు చివర అచ్చు చేర్చుకోవచ్చు. సమస్య ‘ఓ’తో మొదలవుతుంది కాబట్టి దాని ముందు విసంధి (సంధి చేయకుండా వదిలేయడం) వచ్చినా పట్టించుకోను. గణం తప్పితే మాత్రం ఊరుకోను.

గాలిపటం:

టాకొ ఫాలు తలను సోకుచు దాటినన్
నలువదేడె యిచ్చి నవ్వినారు
తీర్పు మాట యేమొ, తిలకించు వారికి
ఓడినట్టివాడె యున్నతుండు

2020 షికాగో డంకు పోటీ (ఒక్కో డంకుకు యాభైకి మార్కులు), ఏరన్ గోర్డన్. ఇంకెవరు?

నిర్వాహకుడు: మొదటి పాదంలో ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాల పొంతన, టాకొ–సోకు) చక్కగా కుదిరింది. ‘సోకుచు’ కూడా నిజమే. ఏడడుగుల అయిదంగుళాల ఫాల్ మీంచి దూకినప్పుడు కాస్త తగిలాడు, మార్కు తగ్గింది అందుకేనని అంటారు. కానీ ‘నవ్వినారు’ ఎందుకు? ఎవరూ నవ్వలేదు. యతి కోసం మీరే నవ్వించారు. ‘నలువదేడె యనిరి న్యాయవరులు’ అంటే యతీ నిలుస్తుంది, ఎవరిచ్చారో కూడా తెలుస్తుంది.

గాలిపటం: సవరణకు ధన్యవాదాలండీ. డెరిక్ జోన్స్ జూనియర్‌కు 48 ఇచ్చి ఇతనికి 47 ఇస్తే నాకు నవ్వే వచ్చింది మరి. 2016లో టొరంటోలో జాక్ లవీన్ చేతిలో ఓడినప్పుడూ ఇంతే. మస్కట్ (జట్టు బొమ్మ వేషం వేసిన మనిషి) తల మీదున్న బంతి అందుకుని, గాల్లోనే రెండు కాళ్ల కింద నుంచి లాగి రింగులో వేశాడు. అదీ ఓటమేనా?

రెండోబెంచి: లవీన్ ఫ్రీత్రో గీత (రింగుకు ఎదురుగా దూరంగా ఉండే గీత) దగ్గర ఎగిరి, కాళ్ల మధ్య నుంచి బంతి తిప్పి వేశాడు కదండీ. అతనేం తక్కువ తిన్నాడు? సరే, నా పూరణ ఇది.

సొంతయూరిలోన జోర్డను గెలువగ
రెండు మార్కు లనెడి గండి పడియె
వరుస నేబదులను బడసిన విల్కిన్సు
ఓడినట్టివాడె యున్నతుండు

నిర్వాహకుడు: భేష్. 1988 ఫైనల్లో డొమినిక్ విల్కిన్స్‌కు 50, 50, 45. మైకేల్ జోర్డన్‌కు 50, 47, 50. మొత్తం 147–145. మీ ‘గండి’ సరిగ్గా ఆ రెండు మార్కులే. విల్కిన్స్ ఆఖరున రెండు చేతులతో వేసిన విండ్‌మిల్‌కు (బంతిని గుండ్రంగా తిప్పి వేసే డంకు) 45 అంటే నాకూ మింగుడు పడదు. పోటీ జరిగింది జోర్డన్ జట్టు ఊళ్లో. ‘సొంతయూరిలోన’ అని వదిలేసి మిగతాది చదివేవాళ్లకు అప్పజెప్పారు, అదే బాగుంది. ఒక్క మాట. 1985లో ఇదే విల్కిన్స్ ఇదే జోర్డన్‌ను ఓడించాడు. అప్పుడు ఈ సమస్య ఎవరి పక్షం?

పాతరేడియో: జూలియస్ ఎర్వింగ్‌ను ఎవరూ తలవరేం? 1976లో డెన్వర్‌లో ఏబీఏ (అప్పట్లో ఉన్న వేరే లీగు) పోటీ గెలిచాడు, ఫ్రీత్రో గీత దగ్గర నుంచి ఎగిరి. 1984లో అదే డెన్వర్‌లో లారీ నాన్స్ చేతిలో ఓడాడు. ఎనిమిదేళ్లలో రెండూ చూశాడాయన. పద్యం రాసే ఓపిక నాకు లేదు, ఎవరైనా అందుకోండి.

కొత్తకలం: మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే చెప్పండి. 2006 పోటీ మీద.

పదియు నాల్గు సార్లు ప్రయతించి గెలిచిన
పొట్టివాడు గొప్ప మేటి యగునె
బోర్డు వెనుక నుండి పొడిచిన యిగుడాల
ఓడినట్టివాడె యున్నతుండు

నిర్వాహకుడు: రెండో పాదంలో యతిభంగం. పొ–మే కలవవు. పైగా ‘గొప్ప’, ‘మేటి’ రెండూ ఒకటే, ఒకటి దండగ. ‘పొట్టివాని కంటె దిట్ట యెవడు’ అనండి, ప్రాసయతితో గట్టెక్కుతారు. మొదటి పాదం చూసి మాత్రం ముచ్చటేసింది. నేట్ రాబిన్సన్ ఆఖరి డంకు కుదిరేసరికి 14 ప్రయత్నాలయ్యాయి. చూసేవాళ్లకే ఆయాసం వచ్చింది. సహచరుడు ఐవర్సన్ బోర్డు వెనక్కి కొట్టిన బంతిని ఇగుడాలా అటు నుంచే అందుకుని, బోర్డు కింద నుంచి ఇవతలికొచ్చి వేశాడు. అయితే రాబిన్సన్‌ను మరీ తీసిపారేయకండి. అయిదడుగుల తొమ్మిదంగుళాల మనిషి, పదడుగుల ఎత్తున్న రింగు.

గాలిపటం: ఇగుడాలా పొడగరి కూడా. ‘ఉన్నతుండు’కు రెండర్థాలూ సరిపోయాయి, కొత్తకలం గారికి తెలిసి చేశారో తెలియక చేశారో!

అరసున్న: ఆ రెండో అర్థం మీదే నా పూరణ. పోటీలు, మార్కులు పక్కన పెట్టండి. అసలు ఆటలోకి రండి. 2000 సిడ్నీ ఒలింపిక్స్, అమెరికా–ఫ్రాన్స్.

కార్టరెగిరె పైకి, కదలక నిలిచెను
వైసు క్రింద నచటె పాపమతడు
ఇరువురందు నెవ్వ రెత్తరి యందువో?
ఓడినట్టివాడె యున్నతుండు

నిర్వాహకుడు: ఇదీ పూరణంటే! సమస్యలో ఉన్న విరోధాన్ని ప్రశ్నోత్తరంతో విప్పారు. ఫ్రెడరిక్ వైస్ ఏడడుగుల రెండంగుళాలు, విన్స్ కార్టర్ ఆరడుగుల ఆరు. బంతి లాక్కుని, ఎదురుగా మనిషి నిలబడి ఉండగానే కాళ్లు చాచి అతని తల మీదుగా వెళ్లి వేశాడు. మస్కట్టైతే కదలకుండా నిలబడమంటే నిలబడుతుంది. వైస్ ఆపడానికి వచ్చిన డిఫెండరు. నా లెక్కలో ఈ తేడా ముందు 50 మార్కులు ఏమూలకూ రావు. ‘అచటె’ గణం నింపడానికి వచ్చిందని తెలుస్తూనే ఉంది, అయినా క్షమించాను.

రెండోబెంచి: అయితే మీ ఓటు కార్టర్‌కేనన్నమాట. అతను ఓడనే లేదు కదా, సమస్య పాదమే అబద్ధమవుతుంది. అందుకే ఇంకోటి రాశాను.

రెండువేల యేట రెక్కలు కట్టిన
కార్టరోడెనేమి? ఘనుడు కాడె?
ఎవ్వరనిరి మీకు నీవింత వాక్యము:
“ఓడినట్టివాడె యున్నతుండు”?

నిర్వాహకుడు: సమస్య ఇచ్చినవాడినే నిలదీశారు! ఒప్పుకుంటున్నాను. గణాలు, యతులు అన్నీ సరిపోయాయి, కా–ఘ వర్గయతి సహా. ఓక్లండ్‌లో ఆ ఏడాది పోటీ గెలిచాడు, కొన్ని నెలలకే సిడ్నీలో ఆ డంకు. పోటీలోనూ ఆటలోనూ ఇలా రెండు చోట్లా చూపించినవాడు నాకు ఇంకొకరు కనబడరు. జోర్డన్ అభిమానులు రాళ్లు వేస్తారని తెలిసే అంటున్నాను.

పాతరేడియో: షాన్ కెంప్ సంగతో? 1991 ఫైనల్లో డీ బ్రౌన్ చేతిలో ఓడాడు, ఒక్క పోటీ కూడా గెలవలేదు. ఆటలో మాత్రం ఎదురొచ్చినవాళ్లకు చుక్కలు చూపించాడు. మీ సమస్యకు అసలు నాయకుడు అతనే.

నిర్వాహకుడు: నిజమే, కెంప్ మీద ఇంకా ఒక్క పద్యమూ రాలేదు. ఓపిక లేదనకుండా మీరే అందుకోండి.

కొత్తకలం: మరి లెబ్రాన్ జేమ్స్ గురించి రాయొచ్చాండీ? అతను డంకు పోటీకి ఎప్పుడూ దిగలేదు.

నిర్వాహకుడు: దిగనివాణ్ని ‘ఓడినట్టివాడు’ అని ఎలా అంటాం? ఈ పాదంలో ఇమడడు. ముందు ఆ రెండో పాదం సవరించి మళ్లీ పెట్టండి.