దుంగల రైలుకు కొండ ఎక్కడం కష్టమా, దిగడం కష్టమా?

కొండదారి: గత అక్టోబరులో అమెరికాలో వెస్ట్ వర్జీనియాలోని కాస్ గ్రామం నుంచి బాల్డ్ నాబ్ శిఖరం వరకు ఆవిరి రైలులో వెళ్లాను. కొండల మీది స్ప్రూస్ చెట్ల దుంగలను కిందికి దించుకోవడానికి ఒక కాగితపు కంపెనీ 1901లో వేయడం మొదలుపెట్టిన దారి ఇది. 1960లో కోతమిల్లు మూతపడింది, 1963 నుంచి సందర్శకులను ఎక్కించుకుంటున్నారు. అరకు రైలు ఎక్కుతూ పెరిగిన నాకు కూడా ఆ వాలు చూస్తే గుండె ఝల్లుమంది. కొన్నిచోట్ల 100 అడుగులకు దాదాపు 11 అడుగులు ఎక్కాలి. చప్పుడు వింటే బండి దౌడు తీస్తున్నట్టుంది, బయటికి చూస్తే మనిషి పరుగు కన్నా నెమ్మదిగా పోతోంది. ఇటువంటి చోట దుంగల బళ్లను ఎలా నడిపేవారో తెలిసినవారు చెప్పగలరా?

ఇరుసు: మీరు విన్న చప్పుడులోనే జవాబు ఉందండి. మామూలు ఆవిరి ఇంజనులో పిస్టను కడ్డీలే పెద్ద చక్రాలను నేరుగా తిప్పుతాయి. కాస్‌లో నడిచే షే ఇంజనులో సిలిండర్లు కుడిపక్క నిలువుగా ఉంటాయి, వాటి బరువుకు సరితూగేలా బాయిలరును ఎడమకు జరిపి బిగిస్తారు. ఆ సిలిండర్లు బండి పొడవునా సాగే షాఫ్టును తిప్పితే, దాని గేర్లు బొగ్గూ నీళ్లూ మోసే టెండరు కింది ఇరుసులతో సహా అన్నింటినీ తిప్పుతాయి. పిస్టన్లు ఎన్నోసార్లు ఆడితే గానీ చక్రం ఒక చుట్టు తిరగదు కాబట్టి వేగం తక్కువ, లాగే బలం ఎక్కువ. బరువంతా చక్రాల పట్టుకే పనికొస్తుంది. షాఫ్టుకు కీళ్లు ఉండటం వల్ల, చెట్లు నరికినంత కాలం పరిచి తర్వాత పీకి మరోచోట వేసే వంకర పట్టాల మీద కూడా ఇది నడిచేది. ఎఫ్రయిం షే మిషిగన్‌లో కలప పని చేసే మనిషి, 1881లో పేటెంటు పొందాడు. ఒహాయోలోని లైమా కర్మాగారం 1945 వరకు ఇటువంటివి 2,700కు పైగా తయారు చేసింది.

టేకుబాట: ఎక్కడం సరే, దిగడమే అసలు కష్టమని నా అభిప్రాయం. పరంబికుళం అడవుల టేకును కేరళలోని చాలకుడికి చేర్చిన కొచ్చిన్ అటవీ ట్రామ్‌వే (1907–1963) ఆనవాళ్లు చూడటానికి వెళ్లినప్పుడు ఆ సంగతి నాకు స్పష్టమైంది. నిట్టవాలు వచ్చిన చోట అక్కడ ఇంజనును ఎక్కించలేదు. ఇనుపతాడు ఒక కొసకు కలప బళ్లు, రెండో కొసకు ఖాళీ బళ్లు కట్టి, గిలక బావిలో రెండు చేదలు ఆడినట్టు, దిగే బరువుతోనే ఖాళీలను పైకి లాగించేవారు. బ్రేకు దగ్గర ఉన్నవారు వేగాన్ని అదుపులో ఉంచేవారు. ఇంజన్లు ఆ వాలుల మధ్య చదునైన దారిలోనే తిరిగేవి.

ఇరుసు: టేకుబాట గారితో ఏకీభవిస్తాను. అమెరికా అడవుల్లోనూ బ్రేకుమన్లు దుంగల మీద నడుస్తూ ఒక్కో బండి చేతిబ్రేకు బిగించేవారు. తడి ఆకులో మంచో పట్టాల మీద పడితే ఇసుక చల్లినా ఒక్కోసారి చక్రాలు నిలిచేవి కావు, బండి చేయి దాటిపోయేది.

కొండదారి: మేము దిగేటప్పుడు బ్రేకుల వేడి వాసన పెట్టెలోకి కొట్టింది, అప్పుడు నేను శిఖరం మీది దృశ్యం గురించే ఆలోచిస్తూ దాన్ని పట్టించుకోలేదు. మళ్లీ వెళితే దిగేటప్పుడు బ్రేకు దగ్గరే నిలబడి చూస్తాను.