కొత్త ఈతకొలనా, ఉన్నవాటికి మరమ్మతా? కౌన్సిల్ అభ్యర్థుల హామీలపై చర్చ

ఓటరు_వార్డు: క్రీడలు, సంస్కృతి పద్దు మీద ఇద్దరు అభ్యర్థులు రెండు దారులు పట్టారు. ఒకరు 25 మీటర్ల ఈతకొలను, దాని పక్కనే ఆటలకీ నాటకాలకీ పనికొచ్చే పెద్ద హాలు కట్టిస్తామంటున్నారు. ఇంకొకరు కొత్తగా ఏమీ కట్టం, ఉన్న షటిల్ కోర్టులు, గ్రంథాలయం, కళాభవనం బాగుచేసి రాత్రి 9 దాకా తెరిచి ఉంచుతామంటున్నారు. ఎవరి మాట నిలబడుతుంది? పార్టీల గొడవ వద్దు, పని సంగతి చెప్పండి.

పద్దుపుస్తకం: నా మొగ్గు రెండో మాటకే. కట్టడానికి పైనుంచి గ్రాంటు రావచ్చు, నడిపే ఖర్చు మాత్రం ఏటేటా కౌన్సిలే చూసుకోవాలి. కొలను రోజుకు 14 గంటలు తెరిస్తే వారానికి 98 గంటలు. గట్టు మీద ఎప్పుడూ ఇద్దరు లైఫ్‌గార్డులు ఉండాలంటే 196 గంటల పని. మనిషికి 48 గంటల చొప్పున వేసుకున్నా నలుగురు చాలరు. సెలవులూ జబ్బులూ కలిపితే ఐదుగురు కావాలి. ఆ ఐదు జీతాలు మేనిఫెస్టోలో ఏ పేజీలో ఉన్నాయి?

పంపుహౌస్: జీతాలు సరే, నీళ్ల లెక్క కూడా చూడండి. 25 × 12.5 మీటర్లు, సగటు లోతు మీటరున్నర అంటే దాదాపు 4,69,000 లీటర్లు. అంత నీరూ నాలుగు గంటలకోసారి ఫిల్టర్‌లోంచి తిరిగి రావాలంటే పంపు గంటకు 1,17,000 లీటర్లు తోడాలి. మామూలుగా దెబ్బతినేది మాత్రం పంపు కాదు, పీహెచ్, అంటే నీటిలో ఆమ్లగుణం, క్షారగుణం ఎంతో చెప్పే అంకె. 7.5 దగ్గర క్లోరిన్‌లో సుమారు సగం క్రిముల్ని చంపే రూపంలో ఉంటుంది. పీహెచ్ 8 అయితే అది నాలుగో వంతుకు పడిపోతుంది. మీటర్‌లో క్లోరిన్ సరిపడా కనిపిస్తూనే ఉంటుంది, నీళ్లు మాత్రం పచ్చబడతాయి.

ఇంకోటి. ఘాటు వాసన రాగానే క్లోరిన్ ఎక్కువైందని డోసు తగ్గించేస్తారు. అది తలకిందుల వైద్యం! ఆ వాసన క్లోరమైన్లది, అంటే చెమట, మూత్రాలతో కలిసిపోయిన క్లోరిన్‌ది. కొంత నీరు తీసి తాజా నీరు పోయాలి, డోసు పెంచాలి, దిగేముందు సబ్బుతో స్నానం తప్పనిసరి చేయాలి. ఇవన్నీ తెలిసిన ఆపరేటర్ లేకుండా కొలను హామీ ఇవ్వడం గాలిలో మేడలు కట్టడమే.

ఈదాలి_అందరూ: ఈ లెక్కలు చూపించే ఏ ఊళ్లోనూ ఏదీ కట్టనివ్వరండీ. షటిల్ కోర్టు ప్రైవేటువాళ్లైనా కడతారు. పిల్లలకు తక్కువ రుసుముతో ఈత నేర్పే కొలను లాభం కోసం ఎవరూ కట్టరు. ఈత రాక నీళ్లలో పోయే ప్రాణాల లెక్క ఏ పద్దులో రాస్తారు? 25 మీటర్లు పోటీలకు కావాలి, నేర్పడానికి అక్కర్లేదు. 12 × 6 మీటర్లు, 80 సెంటీమీటర్ల లోతు చాలు. 58,000 లీటర్లు కూడా ఉండవు, పెద్దదానిలో ఎనిమిదో వంతు.

పంపుహౌస్: నీరు ఎనిమిదో వంతే గానీ పంపు కాదు. లోతు తక్కువ, పిల్లలు ఎక్కువ. ఆ నీరు గంటలోపే ఒక చుట్టు తిరగాలి. అంటే గంటకు 58,000 లీటర్లు, పెద్ద కొలను పంపులో సగం. అయినా మీ ఆలోచన బాగుంది. లైఫ్‌గార్డుల భారం తగ్గుతుంది, పాఠాల వేళల్లోనే తెరవొచ్చు. ఆ అభ్యర్థి దీన్ని పట్టుకుంటే నేనూ ఇటు వస్తాను.

తెరవెనుక: అందరూ కొలను చుట్టూనే తిరుగుతున్నారు, హాలును వదిలేశారు. షటిల్‌కు కోర్టు 13.4 × 6.1 మీటర్లు, పైన కనీసం 9 మీటర్లు ఏ దూలమూ అడ్డు రాకూడదు. అంత ఎత్తు, రేకుల కప్పు, నున్నటి గోడలు ఉన్నచోట చప్పట్లు కొట్టి చూడండి, మోత రెండు మూడు సెకన్ల దాకా ఆగదు. నాటకంలో మాట తెలియాలంటే అది ఒక సెకను దగ్గర ఉండాలి. ఎంత మంచి మైకులు పెట్టినా ఆ మోతే పెరుగుతుంది. వాన పడితే ఇక చెప్పక్కర్లేదు. రెండిటికీ అని కట్టింది చివరికి పెళ్లిళ్లకే పనికొస్తుంది.

కట్టి తీరాలంటే గోడలకూ కప్పుకూ శబ్దం పీల్చే పలకలు, బంతి తగిలినా పగలనివి, మొదటి అంచనాలోనే వేయించాలి. తర్వాత చూద్దాం అన్నది మరి జరగదు. వేదికకు రెండు పక్కలా చోటు, సెట్లు లారీ నుంచి నేరుగా దింపే తలుపు, లైట్లకు విడిగా త్రీఫేజ్ లైను కూడా అడగండి.

ఓటరు_వార్డు: అయితే రెండో అభ్యర్థికే వేయమంటారా?

పద్దుపుస్తకం: ఆయన్నీ వదలకండి. రాత్రి 9 దాకా అన్న మాట వినడానికి హాయిగా ఉంది. గ్రంథాలయం ఇప్పుడు 5కి మూసేస్తుంటే రోజుకు నాలుగు గంటలు అదనం, ఆరు రోజులకు 24. కౌంటర్‌లో ఇద్దరు ఉండాలంటే వారానికి 48 గంటలు, అంటే ఒక పూర్తి ఉద్యోగం. ఉన్నవాళ్ల చేతే చేయిస్తామంటే రెండో నెలకే మళ్లీ 5కి తాళం పడుతుంది.

తెరవెనుక: కళాభవనానికి సున్నం కొట్టిస్తే సరిపోదనీ చెప్పండి. నాటక బృందాలకు కావలసింది రిహార్సల్ గది. ఒక ప్రదర్శనకు నెల రోజుల సాధన ఉంటుంది, వేదిక ఒక్క సాయంత్రమే. మూడు నెలల ముందు బుకింగ్ తెరవాలి, ఎవరు తీసుకున్నారో తలుపు మీద అంటించాలి. లేకపోతే పలుకుబడి ఉన్న ఒకటి రెండు బృందాలే ఏడాదంతా పట్టేసుకుంటాయి. ఈ మాట ఇద్దరు అభ్యర్థుల కరపత్రాల్లోనూ లేదు.