హన్లేలో కొంగ గూడు మీదకి కుక్కలు.. బోర్డర్ ఏరియాలో జంతువుల్ని కాపాడటం అసలు కుదిరే పనేనా?

వైజాగ్_బర్డర్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. పోయిన జూన్‌లో ముగ్గురం ఫ్రెండ్స్ కలిసి లడాఖ్ వెళ్లాం, పాంగాంగ్ చూసుకుని చుషూల్ మీదుగా హన్లే చేరి అక్కడ మూడు రోజులు ఉన్నాం. వాళ్లిద్దరూ రాత్రిపూట నక్షత్రాల కోసం, ఉమ్లింగ్ లా రోడ్డు కోసం వచ్చారు, నేను మాత్రం బ్లాక్ నెక్డ్ క్రేన్ కోసమే వెళ్లాను, అదే మన మాటలో నల్లమెడ కొంగ. అక్కడివాళ్లు ట్రుంగ్ ట్రుంగ్ అంటారు.

రెండో రోజు పొద్దున్నే కనపడింది. చిత్తడి నేల మధ్యలో ఒక చిన్న గడ్డి దిబ్బ, చుట్టూ నీళ్లు, దాని మీద ఒకటి పొదుగుతూ కూర్చుంది, రెండోది కాస్త ఎడంగా మేస్తోంది. బూడిద కలిసిన తెల్లటి ఒళ్లు, మెడంతా కాటుక పూసినట్టు నలుపు, నెత్తి మీద ఎర్రటి మచ్చ. రోడ్డు మీద నుంచే స్కోప్ పెట్టుకుని రెండు గంటలు కదలకుండా చూశాను. మధ్యలో కూర్చున్నది లేచి ముక్కుతో గుడ్లని మెల్లగా తిప్పి మళ్లీ కూర్చుంది, అప్పుడు తెలిసింది రెండు గుడ్లున్నాయని.

సాయంత్రం మళ్లీ వెళ్తే మూడు కుక్కలు. గుడారాలు వేసిన వైపు నుంచి వచ్చాయి. ఒకటి నీళ్లలోకి దిగింది, నీళ్లు దాని పొట్ట దాకా కూడా రాలేదు. గూటి మీద పక్షి లేచి రెక్కలు బార్లా చాపి నిలబడింది, జోడు పక్షి పరుగెత్తుకొచ్చింది, రెండూ కలిసి అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. మా హోమ్‌స్టే ఆవిడ ఎక్కడి నుంచి చూసిందో గానీ రాళ్లు విసురుకుంటూ వచ్చి తరిమేసింది. కానీ మర్నాడు పొద్దున వెళ్లేసరికి గూడు ఖాళీ. రెండు పక్షులూ దూరంగా నిలబడి ఉన్నాయి, మేయట్లేదు కూడా.

ఇంటికొచ్చి చెప్తే మా పెదనాన్న "అక్కడ చైనావాడు కూర్చుని ఉంటే నీకు కొంగల గొడవేంట్రా" అన్నారు. ఆఫీసులో ఒకతను ఏమో బోర్డర్ అంటే మనుషులే ఉండరు కదా, జంతువులకి అంతకంటే మంచి చోటు ఏముంటుంది, కొరియాలో చూడు అన్నాడు. రెండూ తప్పే అని నాకు అనిపిస్తోంది కానీ గట్టిగా జవాబు చెప్పలేకపోయాను. అందుకే అడుగుతున్నా: అలాంటి చోట ఈ పక్షుల్ని కాపాడటం నిజంగా సాధ్యమేనా? ఎవరి చేతిలో ఉంది ఆ పని? తెలిసినవాళ్లు ఓపిగ్గా చెప్పండి ప్లీజ్.

---

చాంగ్‌థాంగ్_నోట్స్:

ఆ గూడు సంగతి చదివి మనసు పాడైపోయింది. నేను అక్కడ కొన్ని సీజన్లు ఫీల్డ్ వర్క్ చేశాను. మీరు చూసింది అరుదైన ఘటన కాదు, లడాఖ్‌లో ఈ కొంగల గుడ్లకి, పిల్లలకి ఇప్పుడున్న అతిపెద్ద ముప్పు ఊరకుక్కలే. అక్కడ గూడు కట్టే జంటలే పదుల్లో ఉంటాయి, ఒక్కో జంట ఏడాదికి పెట్టేది రెండు గుడ్లు, అందులో ఒక గూడు పోయిందంటే చిన్న విషయం కాదు.

కొరియా పోలిక గురించి ముందు చెప్తా. అక్కడ రెండు కొరియాల మధ్య 1953 నుంచి దాదాపు 250 కిలోమీటర్ల పొడవు, 4 కిలోమీటర్ల వెడల్పున మనుషులు దాదాపుగా అడుగుపెట్టని పట్టీ ఉంది, మందుపాతరలు ఉన్నాయి, అందుకే అడవి మళ్లీ పెరిగింది, ఎర్రతల కొంగలు చలికాలం అక్కడికి వస్తాయి, అది నిజమే. కానీ తూర్పు లడాఖ్ అలాంటి ఖాళీ పట్టీ కాదండీ. అది చాంగ్‌పా వాళ్ల మేత భూమి, తరతరాలుగా మేకలు, గొర్రెలు, యాక్‌లతో గుడారాలు మార్చుకుంటూ బతుకుతున్న నేల. 1987లో చాంగ్‌థాంగ్ శాంక్చురీగా ప్రకటించారు, సుమారు 4000 చదరపు కిలోమీటర్లు, మీరు వెళ్లిన హన్లే కూడా అందులోదే. అంటే ఒకే నేల మీద శాంక్చురీ, మేత బీడు, సైన్యం పోస్టులు, ఇప్పుడు టూరిస్టులు, అన్నీ ఉన్నాయి.

1962 యుద్ధం తర్వాత జరిగింది చాలామందికి తెలీదు. చలికాలం మేపుకునే బీళ్లు కొన్ని అవతలి వైపు ఉండిపోయాయి. దానికి తోడు టిబెట్ నుంచి శరణార్థులు వాళ్ల మందలతో సహా వచ్చారు. బీడు తగ్గింది, నోళ్లు పెరిగాయి. పైగా పష్మీనాకి, అంటే ఆ మేకల మెత్తటి ఉన్నికి, రేటు ఉండటంతో మేకలు ఇంకా పెరిగాయి. ఈ ఒత్తిడిలో బాగా నష్టపోయింది టిబెటన్ గజెల్, మన జింకలాంటిదే, సన్నటి కాళ్లు, వెనక తెల్లటి మచ్చ. ఒకప్పుడు ఆ మైదానాల్లో బాగా తిరిగేదట, ఇప్పుడు మన వైపు హన్లే దగ్గరి పీఠభూమి మీద వంద లోపే మిగిలాయి. ఒకప్పుడు వేట కూడా దాన్ని బాగా దెబ్బ తీసింది, కానీ వేట తగ్గాక కూడా అది కోలుకోలేదు, ఎందుకంటే సరిహద్దు గీత మారింది, గడ్డి చాల్లేదు.

2020 తర్వాత మళ్లీ అదే కథ. రెండు సైన్యాలూ వెనక్కి తగ్గే ఒప్పందాల్లో కొన్నిచోట్ల బఫర్ జోన్లు, అంటే ఎవరూ వెళ్లకూడని పట్టీలు, పెట్టారు, చుషూల్ వైపు పశువుల కాపరులు మా బీళ్లు పోయాయని బహిరంగంగానే చెప్పారు. పైకి చూస్తే బఫర్ జోన్ జంతువులకి మేలే కదా అనిపిస్తుంది. కానీ ఆ మందలు గాల్లో కలిసిపోవు కదా, మిగిలిన బీడు మీదే పడతాయి. అప్పుడు కాపరికి కియాంగ్ కనపడితే ఒళ్లు మండుతుంది, ఈ అడవి గాడిదలే నా గడ్డి తినేస్తున్నాయి అంటాడు. లెక్కలు చూస్తే పశువుల ముందు కియాంగ్‌ల సంఖ్య చాలా తక్కువ, కానీ ఆకలితో ఉన్న మందని పక్కన పెట్టుకుని కూర్చున్న మనిషికి మనం లెక్కలు ఎలా చెప్తాం?

నా దృష్టిలో అక్కడ ఏ జంతువు బతకాలన్నా కాపరి మనసు ముఖ్యం. ఒక్క ఉదాహరణ చెప్తా. తోడేళ్ల కోసం వాళ్లు పూర్వం రాతి గుంటలు కట్టేవాళ్లు, షాంగ్‌డాంగ్ అంటారు. గోడలు పైకి వచ్చేకొద్దీ లోపలికి వంగి ఉంటాయి, అడుగున ఎర పెడతారు, తోడేలు దూకుతుంది గానీ ఎక్కలేదు, తర్వాత ఊరంతా కలిసి రాళ్లతో కొట్టి చంపేవాళ్లు. 2018లో చుషూల్ వాళ్లు అలాంటి కొన్ని గుంటల గోడల్ని ఒకచోట తెరిచి, పడిన జంతువు బయటికి వచ్చే దారి వదిలి, పక్కనే స్తూపం కట్టుకున్నారు. గుంట కూల్చలేదు, అది వాళ్ల తాతల కట్టడం కాబట్టి అలాగే ఉంచారు. బౌద్ధ గురువులు వచ్చి పూజ చేశారు. నేను అక్కడ నిలబడి ఆ రాళ్ల మీద చెయ్యి పెట్టి చూశాను. చుషూల్ అంటే చైనాతో మనకున్న వాస్తవాధీన రేఖ ఎదురుగానే ఉన్న ఊరు. అలాంటి చోట, తోడేళ్లకి ఏటా పశువుల్ని పోగొట్టుకునే మనుషులు చేసిన పని అది. కాబట్టి సాధ్యమేనా అంటే సాధ్యమే, వాళ్లు చేసి చూపించారు.

---

పేట_పిలగాడు:

అన్నా, మాది సూర్యాపేట. కల్నల్ సంతోష్ బాబు గారి ఊరు. 2020 జూన్‌ల గల్వాన్ వార్త వచ్చిన రోజు మా ఊరు ఎట్లున్నదో నేను మాటల్ల చెప్పలేను, ఆయనతోని కలిపి 20 మంది పోయిన్రు. కాబట్టి మీ పెదనాన్న మాటని నేను కొట్టిపారెయ్యను, నాక్కూడ ముందుగల గదే అనిపిస్తది.

దర్బుక్ నుంచి బోర్డర్ కాడి దౌలత్ బేగ్ ఓల్డీ పోస్ట్ దాకా 255 కిలోమీటర్ల రోడ్డు లేకపోతే మనోళ్లకి రేషన్ ఎట్ల పోవాలె, దెబ్బ తగిలినోన్ని కిందికి ఎట్ల తేవాలె? ఆ రోడ్డు మీదనే కాపరోళ్ల పిల్లలు గూడ బడికి, దవాఖానకి పోతరు. పర్యావరణం పేరు మీద రోడ్లు ఆపుతం అంటే నేనైతే ఒప్పుకోను. కానీ కుక్కల సంగతి, చెత్త సంగతి వేరే. దానికి రోడ్డు ఆపే పని లేదు గదా. నేను తప్పు మాట్లాడితే చెప్పున్రి, ఇది నిజంగనే తెలుసుకుందామని అడుగుతున్న.

---

చాంగ్‌థాంగ్_నోట్స్:

@పేట_పిలగాడు, మీరు తప్పేం మాట్లాడలేదు తమ్ముడూ. రోడ్డు వద్దని అక్కడ పనిచేసే వాళ్లెవరూ నాతో అనలేదు. అడిగేది ఏంటంటే ఏ గట్టున వేస్తున్నారు అని. చిత్తడికి అడ్డంగా మట్టి కట్ట వేస్తే అవతలి వైపు నీళ్లు ఆగిపోతాయి, గూటి చుట్టూ నీళ్లు తగ్గితే కుక్క నడిచి వెళ్లిపోతుంది. వైజాగ్ ఆయన రాసింది చూడండి, నీళ్లు పొట్ట దాకా కూడా రాలేదు అన్నారు. ఆ గూటికి కంచె, కోట, కాపలా అన్నీ ఆ నీళ్లే. అదే రోడ్డుని కాస్త పైన రాతి వాలు మీదుగా తీసుకెళ్తే, లేదా కింద సరిపడా తూములు పెడితే రెండూ బతుకుతాయి.

నాకు దిగులు ఎక్కడంటే, 2023లో అటవీ సంరక్షణ చట్టానికి చేసిన సవరణలో సరిహద్దుకి, నియంత్రణ రేఖకి, వాస్తవాధీన రేఖకి 100 కిలోమీటర్ల లోపు దేశ భద్రతకి సంబంధించిన రోడ్లలాంటి వాటికి మినహాయింపు ఇచ్చారు. హన్లే, చుషూల్, పాంగాంగ్ అన్నీ ఆ వంద లోపే వస్తాయి. శాంక్చురీ లోపలైతే వన్యప్రాణి చట్టం కింద అనుమతి ఇంకా కావాలి, కానీ కొంగలు గూడు కట్టేది శాంక్చురీ గీత చూసుకుని కాదు కదా. తూము ఎక్కడ పెట్టాలి అని అడిగే మనిషి ఒకరు ఆ మీటింగ్‌లో ఉండాలి, అంతే నేను కోరేది.

---

మాజీ_ఫౌజీ_టెక్కలి:

బాబూ, నేను ఆర్మీలో 19 ఏళ్లు చేసి రిటైరయ్యాను, అందులో రెండు దఫాలు తూర్పు లడాఖ్‌లోనే. ఎక్కడ ఏ పోస్ట్ అనేది చెప్పను, అడగొద్దు.

కుక్కల సంగతి లోపలి నుంచి చెప్తాను, ఎందుకంటే బయటివాళ్లకి ఇది అర్థం కాదు. ఆ ఎత్తులో ఆకలి వెయ్యదు. లంగర్‌లో, అంటే మా వంటశాలలో, వండినది వండినట్టు మిగిలిపోతుంది. అన్నం, రోటీ, పప్పు, గంట ఆగితే గడ్డకట్టి రాయి. దాన్ని గుంటలో పారేస్తారు, కుక్కలు తింటాయి. నెలల తరబడి ఇంటి మొహం చూడని కుర్రాడికి రాత్రి డ్యూటీలో పక్కన ఒక కుక్క వెచ్చగా పడుకుంటే అది వాడికి తమ్ముడితో సమానం. పైగా చీకట్లో ఏ కదలిక ఉన్నా ముందు పసిగట్టేది అదే. కాబట్టి కుక్కల్ని తరిమెయ్యండి అంటే ఏ పోస్ట్‌లోనూ ఎవడూ వినడు, నేనూ వినలేదు.

కానీ ఒక జూలై నెలలో మా పోస్ట్ కింద చెలమ దగ్గర కొంగ పిల్లని కుక్క నోట్లో చూశాను. పసుపు గోధుమ రంగు నూగు, కాళ్లు ఇంకా వేలాడుతున్నాయి. ఆ కుక్క నా చేత్తో రొట్టె తిన్నదే. మాది తేలినీలాపురం పక్క ఊరు బాబూ, మా దగ్గర పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల పెరట్లో చింతచెట్ల మీద గూళ్లు పెడతాయి, పిల్ల కింద పడితే మా అమ్మ ఎత్తి గంప కింద పెట్టేది, పక్షులు రాకపోతే ఆ ఏడు వానలు పడవని మా పెద్దోళ్ల నమ్మకం. అలాంటి ఊళ్లో పుట్టిన నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాత మా జేసీవో సాబ్‌కి, అంటే మా పై అధికారికి, చెప్పాను. ఆయన నవ్వలేదు. మూడు పనులు చేయించారు, లంగర్ చెత్త గుంటకి డ్రమ్ము రేకులతో మూత, మిగిలినది ఖాళీగా కిందికి దిగే బండిలో వెనక్కి పంపడం, పశువుల డాక్టర్ వచ్చినప్పుడు మా కుక్కలన్నిటికీ ఆపరేషన్. ఉన్న కుక్కలు ఉన్నాయి, కొత్త పిల్లలు పుట్టడం ఆగింది. మేం ఉన్నన్నాళ్లు బాగానే సాగింది. తర్వాత వచ్చిన యూనిట్ వాళ్లకి అప్పజెప్పేటప్పుడు ఆయుధాలు, సామాను లెక్క రాసిచ్చాం గానీ ఆ మూత సంగతి ఎక్కడా రాయలేదు. ఇప్పటికీ అదే నా బాధ. అది కూడా కాగితం మీద ఉండాలి, మనిషి మారితే ఆగిపోకూడదు.

ముళ్లకంచె సంగతి కూడా ఒకటి. పాత చుట్టలు మంచులో కూరుకుపోయి ఉంటాయి, కియాంగ్‌లు గుంపుగా పరుగెడుతూ వచ్చి చిక్కుకుంటాయి. ఒకసారి మేం నలుగురం కట్టర్లతో గంటన్నర కష్టపడి ఒకదాన్ని విడిపించాం, దుప్పటి కళ్ల మీద కప్పితే గానీ ఆగలేదు. పనికిరాని కంచె చుట్టి పక్కన పెట్టడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, ఒక ఆదివారం చాలు.

---

తేజ్‌పూర్_తెలుగు:

ఉద్యోగం మీద అస్సాంలో ఉంటున్నా, అరుణాచల్ వెళ్తూ ఉంటా కాబట్టి ఒక ముక్క. తవాంగ్ జిల్లా జెమిథాంగ్ దగ్గర కూడా ఇవే కొంగలు చలికాలం వస్తాయి, అదీ చైనా బోర్డర్‌కి ఆనుకునే ఉంటుంది. అక్కడ న్యామ్‌జాంగ్ చూ నది మీద 780 మెగావాట్ల జల విద్యుత్ ప్రాజెక్ట్‌కి ఇచ్చిన పర్యావరణ అనుమతిని 2016లో గ్రీన్ ట్రిబ్యునల్ సస్పెండ్ చేసింది, కారణం ఈ పక్షి చలికాలపు చోటుని సరిగ్గా స్టడీ చెయ్యలేదని. కేసు వేసింది అక్కడి మోన్‌పా జనమే, లామాలు కూడా ముందు నిలబడ్డారు. కాబట్టి బోర్డర్ అన్నాక ఎవరూ ఏం చెయ్యలేరు అనేది కరెక్ట్ కాదు.

---

వైజాగ్_బర్డర్:

అందరికీ చాలా థ్యాంక్స్, ముఖ్యంగా ఫౌజీ బాబాయ్ గారికి, మీరు రాసింది మా పెదనాన్నకి చదివి వినిపించాను, ఆయన ఏం మాట్లాడలేదు కానీ ఆ మూత సంగతి రెండోసారి చదవమన్నారు.

ఒక్కటి ఒప్పుకోవాలి. ఆ రోజు కుక్కలు వచ్చింది గుడారాల వైపు నుంచి అన్నాను కదా, మేం ముందు రోజు మధ్యాహ్నం అక్కడే తిన్నాం, మిగిలిన ఫ్రైడ్ రైస్ వెనక కుప్పలో వేస్తుంటే చూశాను, నాకేం అనిపించలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ కుప్పకీ గూటికీ మధ్య అర కిలోమీటర్ కూడా లేదు. హోమ్‌స్టే ఆవిడకి నిన్న మెసేజ్ పెట్టాను, ఊళ్లో అందరూ కలిసి చెత్తకి ఒకే చోటు, మూత ఉన్నది, పెట్టుకోవాలంటే ఖర్చు ఎంత అవుతుందో కనుక్కోమని. మా బర్డింగ్ గ్రూపులో కొందరం తలా కొంత వేసుకుంటాం. గూడు లొకేషన్ ఎక్కడా పోస్ట్ చెయ్యను, ఫోటోలో కొండల ఆకారం కనపడే భాగం కూడా కట్ చేశాను.

ఫౌజీ బాబాయ్, డ్రమ్ము రేకు మూత గాలికి ఎగిరిపోకుండా మీరు ఏం చేశారు? అక్కడ సాయంత్రం గాలి ఎలా ఉంటుందో చూశాను.

---

మాజీ_ఫౌజీ_టెక్కలి:

రాళ్లు పెడితే ఆగదు బాబూ, కుక్క తోసేస్తుంది. గుంట అంచుకి రెండు పక్కలా ఇనుప పికెట్లు దిగ్గొట్టి, రేకుకి ఒక పక్క పాత టైరు ముక్క కోసి కీలులాగా బిగించాం. తలుపులాగా ఎత్తి వెయ్యాలి. ఇనుప కీలు పెట్టొద్దు, చలికి బిగుసుకుపోతుంది. రెండో పక్క గొలుసు, కొక్కెం. గొలుసు పొడుగ్గా ఉండాలి, గ్లవ్స్ తియ్యకుండానే తగిలించేటట్టు. లేకపోతే చలికాలం ఎవడూ మూత వెయ్యడు.